నవ్వని విదూషకుడు – బస్టర్ కీటన్ చరిత్రము

రైలింజను నెక్కి, ముఖమున చిరునవ్వైనను లేక, లోకమునెల్ల నవ్వించిన యొక మనుష్యుని చిత్రము నేడు సర్వజనుల సొత్తై యున్నది. దాని పేరు ‘ది జనరల్’. ఏ పాఠశాలవారైనను, ఏ పల్లెవారైనను తెల్లని గుడ్డ యొకటి కట్టి దానిని ప్రదర్శింపవచ్చును. ఎవరి యనుజ్ఞయు నక్కరలేదు. ఎవరికిని పైకము చెల్లింప నక్కరలేదు. దానిని తీసినవాడు బస్టర్ కీటన్. అతడు జీవించియున్న కాలమున నొక్కనాడైనను దానికి యజమాని కాలేదు. తన చేతులతో చేసిన వస్తువు తనది కాకపోవుటయు, పిమ్మట నది యెవ్వరిదియు గాక యందరిది యగుటయు నెట్లు సంభవించెనో తెలియవలెనన్న నతని జీవితమును మొదటినుండి చెప్పవలసి యున్నది.

బస్టర్ అనునది ముద్దుపేరు. తలిదండ్రులిడిన పేరు జోసఫ్ ఫ్రాంక్ కీటన్. 1895వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున పిక్వా యను చిన్న గ్రామమునందు జన్మించెను. తండ్రి జో, తల్లి మైరా. వారు ఊరూర తిరిగి వినోదప్రదర్శనము లిచ్చి పొట్టపోసికొనువారు. పసివాడు మెట్లమీదనుండి దొర్లిపడియు దెబ్బ తగులక లేచి కూర్చుండెననియు, అందువలననే యా పేరు వచ్చెననియు చెప్పుదురు. ఆ కథ యెంత నిజమో గాని, పడుట మాత్రమతనికి జీవనవృత్తి యయ్యెను. అయిదేండ్ల ప్రాయమునకే తలిదండ్రులతోపాటు రంగమెక్కెను. తండ్రి యతనిని పట్టి రంగమున నీ మూలనుండి యా మూలకు విసరుచుండెడివాడు. విసరుటకు వీలుగా బాలుని యుడుపుల వీపున పెట్టెకుండు పిడివంటిదానిని కుట్టించిరి. పడినవాడు తానే నవ్వినచో చూచువారు నవ్వరనియు, మొగము రాయివలె నుంచుకొన్నచో విరగబడి నవ్వుదురనియు నతడు చిన్ననాడే గ్రహించెను. బాలసంరక్షణ సంఘమువారు పలుమారు లాక్షేపించి, బాలుని యొడలిపై గాయములున్నవేమోయని పరీక్షింపించిరి. బడిచదువు దాదాపు లేనే లేదు. ఈ భాగమును చదువు బాలురు దీనిని బడి యెగవేయుటకు సాకుగా గొనకుందురు గాక.

తండ్రి త్రాగుడుచే నా కుటుంబ ప్రదర్శనము 1917లో ముగిసెను. ఆ వసంతముననే కీటన్ న్యూయార్కు నగరమున నొక పెద్ద నాటకశాలలో వారమునకు 250 డాలర్ల జీతమునకు కుదిరియుండెను. అప్పుడే రాస్కో ఆర్బకిల్ యను స్థూలకాయుడైన హాస్యనటుడు తన చిత్రశాలను చూడ రమ్మని పిలిచెను. కీటన్ వెళ్లెను, నటించెను, ఆ సాయంకాలము చిత్రములు తీయు యంత్రమునకు లోనెట్లుండునో తెలియగోరి, దానిని విప్పి చక్రములను, పండ్లను పరిశీలించెను. నాటకశాల కొలువును విడిచి, వారమునకు 40 డాలర్లకు చలనచిత్రములలో చేరెను. ఆదాయమును లెక్కించువాడు చేయు పని కాదది. లెక్కలలో నతడెన్నడును నేర్పరి కాడు. అందుచే జరిగినది ముందు చూడబోవుదుము.

1918లో సైన్యమున చేరి ఫ్రాన్సు దేశమునకు వెళ్లి, చెవి బాధతో తిరిగివచ్చెను. 1920లో జోసఫ్ షెంక్ అను నిర్మాత యతనికొక చిత్రశాల నొసంగెను. మరుసటి యేడు కీటన్ వివాహమాడిన నాటలీ టాల్మడ్జ్, షెంక్ భార్యకు చెల్లెలు. కాగా వ్యవహారమంతయు నింటి వ్యవహారమే. సంస్థకు ‘బస్టర్ కీటన్ ప్రొడక్షన్స్’ అని పేరు పెట్టిరి. చిత్రములపై నతని పేరు, గోడపత్రికలపై నతని మొగము, సంస్థ ద్వారముపై నతని పేరు. ఆ సంస్థ వాటాలలో మాత్రమతని కొక్కటియు లేదు. వారమునకు వేయి డాలర్ల జీతమును, లాభములలో నాల్గవ వంతును ముట్టుచుండెను. తోడల్లుడు తన క్షేమమును చూచుకొనునని కీటన్ నమ్మెను. షెంక్ యతనిని మోసగించెనని చెప్పుటకు వీలులేదు. సొమ్ము నిచ్చెను, పనిలో జోక్యము చేసికొనలేదు. కాని చిత్రమునకు చట్టము దృష్టిలో కర్త యెవడు? కథను కల్పించి, నటించి, దర్శకత్వము వహించి, కత్తిరించి కూర్చినవాడు కాడు; అతనికి జీతమిచ్చి పని చేయించుకొన్న సంస్థ. కొలువులో నుండి చేసిన పనికి యజమానియే కర్త యనునది 1909వ సంవత్సరపు అమెరికా చట్టములోని యేర్పాటు.

ఆ యెనిమిదేండ్లలో కీటన్ చేసిన పనిని పూర్తిగా వర్ణింప నీ పుటలు చాలవు. 1920లో వచ్చిన ‘వన్ వీక్’ నందు కొత్తదంపతులు పెట్టెలలో వచ్చిన యింటి భాగములను తప్పుగా కూర్చి, వంకరయింటిని కట్టుకొందురు. 1924లోని ‘షెర్లాక్ జూనియర్’ నందు చలనచిత్రశాలలో నిదురించిన యువకుడు కలలో లేచి తెరలోనికే నడచిపోవును. ఆ చిత్రమున నొక దృశ్యమునకై నీటితొట్టి గొట్టమునుండి పడిన ధారచే నతని మెడ యెముక చిట్లెను. కొలదిదినములు తలనొప్పి వచ్చినదని యూరకుండెను. ఎముక విరిగిన సంగతి పెక్కేండ్ల పిమ్మట వైద్యులు చెప్పువరకతనికే తెలియదు. 1928లోని ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ నందు గాలివానలో నొక యింటి ముందుగోడ మొత్తముగా నతనిపై కూలును. గోడలోని కిటికీ సరిగా నతడు నిలిచిన చోటికి వచ్చుటచే ప్రాణము దక్కును. ఆ గోడ కాగితపు గోడ కాదు. జానెడు పక్కకు జరిగి నిలిచియుండిన నతని చరిత్ర యక్కడనే ముగిసియుండును.

వీనిలోనెల్ల కీటనునకు మిక్కిలి ప్రియమైనది ‘ది జనరల్’. అమెరికా అంతర్యుద్ధ కాలమున, 1862లో, ఉత్తరసైన్యమువారు కొందరు జార్జియా రాష్ట్రమున దక్షిణమువారి రైలింజను నొకదానిని దొంగిలించి పోయిరి. ఆ యింజను పేరే జనరల్. చిత్రములో కీటన్ దాని డ్రైవరు. ఇంజనును విడువలేక మొదట కాలినడకను, పిదప మరియొక యింజనుపైనను వెంటాడును. దక్షిణమువారి పక్షమున కథను నడపి, ఆ యుద్ధమునకు మూలమైన బానిసత్వమును గూర్చి యొక్క మాటయు చెప్పకపోవుట యా చిత్రమున నొక లోపమనియే నా తలంపు. కాని రైలుబండిని, మనుష్యుని, హాస్యమును అంత చక్కగా ముడివేసిన చిత్రము వేరొకటి లేదు.

1926వ సంవత్సరము జూలై 23వ తేదీన ఒరెగాన్ రాష్ట్రమున కాటేజ్ గ్రోవ్ పట్టణము చెంత నా చిత్రములోని ముఖ్యదృశ్యమును తీసిరి. నదిపై కొయ్యవంతెన కట్టించిరి. దానికి నిప్పంటించి, నిజమైన ఇంజను నొకదానిని దానిపైకి నడిపించిరి. వంతెన విరిగెను, ఇంజను నదిలో కూలెను. రెండవ మారు తీయుటకు వీలులేని దృశ్యమది. దానికొక్కదానికే 42,000 డాలర్లు వ్యయమైనవని చెప్పుదురు. మూగచిత్రముల కాలమున నంత వెల పెట్టి తీసిన దృశ్యము మరియొకటి లేదట. చూడవచ్చిన ఊరివారెల్లరు గట్టుపై గుమిగూడి యుండిరి. ఆ యినుము రెండవ ప్రపంచయుద్ధ కాలమున తీసికొనిపోవువరకు నదిలోనే పడియుండెను.

1927లో చిత్రము ప్రజల యెదుటికి వచ్చినప్పుడు విమర్శకులు పెదవి విరిచిరి. పెట్టిన వ్యయమునకు తగిన రాబడి లేదు. మరుసటి యేడు షెంక్ కీటను నొడంబడికను మెట్రో-గోల్డ్‌విన్-మేయర్ సంస్థకు మరలించెను. తమ చిత్రములను తామే పట్టుకొనియున్న చార్లీ చాప్లిన్, హెరాల్డ్ లాయిడ్ ఇరువురును వలదని కీటనునకు చెప్పిరి. అతడు వినలేదు. అచట మొదటిదగు ‘ది కామెరామన్’ చిత్రమున గొంతవరకు తన మాట సాగించుకొనెను, తరువాత సాగలేదు. కథలు వేరొకరు వ్రాసిరి, హాస్యమును వేరొకరు నిర్ణయించిరి. త్రాగుడు మొదలయ్యెను. 1932లో భార్య విడిచిపోయెను, 1933లో సంస్థ వెడలగొట్టెను, పిమ్మట దివాలా, ఆస్పత్రి. తండ్రిని చెరచిన వ్యసనమే కొడుకును చెరచెను. ఈ యేండ్లను గూర్చి యింతకంటె చెప్పనక్కరలేదు.

కొలదికాలమునకతడు మరల నదే సంస్థలో హాస్యసన్నివేశములు చెప్పు కొలువునకు కుదిరెను. జీతము వారమునకు 100 డాలర్లు. మునుపటి జీతము 3,000. ఇతర హాస్యనటులు చేయవలసిన పడుటలను, లేచుటలను చెప్పుట యాతని పని. ‘ది కామెరామన్’ చిత్రమును ఆ సంస్థ 1950లో ‘వాచ్ ది బర్డీ’ యను పేరుతో రెడ్ స్కెల్టన్ అను నటునిచే మరల తీయించెను. చిత్రము సంస్థది, దానిని మరల తీయుటకు కీటను నడుగవలసిన పని లేదు. అతడును కోపింపలేదు. తనకు తెలిసిన హాస్యమును చిన్నవారికి నేర్పుటకు సంకోచింపక పోయెను. పడుట యెవ్వడును రిజిస్టరు చేసికొనజాలనిదని నాటకశాలలలో పెరిగినవాని కెరుకే. చట్టము కూడ నదియే చెప్పును: భావమునకు హక్కు లేదు, ఆ భావమును జూపిన చిత్రమునకు మాత్రమే హక్కు కలదు.

ఇక నా హక్కు సంగతి. 1909వ సంవత్సరపు చట్టము ప్రకారము అమెరికాలో చిత్రమునకు ప్రకటననాటినుండి 28 ఏండ్ల స్వామ్యము. ఇరువదియెనిమిదవ యేట యజమాని మరల నొక దరఖాస్తు పెట్టి, స్వల్పమైన రుసుము చెల్లించినచో మరి 28 ఏండ్లు. పెట్టనిచో నా దినముతో హక్కు తీరును, వస్తువు ప్రజలదగును. ఇంటి పన్ను కట్టమరచిన నిల్లు పోదు గాని, ఈ దరఖాస్తు మరచిన చిత్రము పోయెడిది. టాకీలు వచ్చిన పిమ్మట మూగచిత్రములను పాత ఇనుమువలె చూచిరి. కొన్ని సంస్థలు మూతపడెను. కొన్ని చేతులు మారెను. అల్పమైన రుసుమును గూడ వృథావ్యయముగా నెంచినవారు కలరు. ‘ది జనరల్’ చిత్రమునకు 1954లో గడువు వచ్చెను. ఎవ్వరును దరఖాస్తు పెట్టలేదు. నదిలో నింజనును పడవైచి తీసిన చిత్రము, కాగితము ముక్క లేకపోవుటచే, అమెరికా ప్రజలెల్లరి పాలబడెను. కీటన్ తానై పెట్టుటకు వీలులేదు. అతడు యజమాని కాడు గదా.

ఇది నష్టమా, లాభమా? తక్కిన యిరువురి చరిత్రను చూచినచో నుత్తరము తేలికగా తోచదు. హెరాల్డ్ లాయిడ్ తన చిత్రముల హక్కులను తానే సంపాదించుకొని, తన యింటనే దాచెను. వానిని ముక్కలు చేసి, ప్రకటనల నడుమ టెలివిజనులో చూపుట యతని కిష్టము లేదు. ఆ జాగ్రత్త ఫలితముగా నొక తరమువారతని చిత్రములను చూడనే లేదు. పైగా 1943లో నా ఫిల్ముల గదిలో నగ్ని పుట్టి, తొలి చిత్రములు పెక్కు బూడిదయ్యెను. చాప్లిన్ తన చిత్రములను మిక్కిలి మెలకువతో కాపాడుకొన్నవాడు. అట్టివాని 1925 నాటి ‘ది గోల్డ్ రష్’ సైతము 1953లో దరఖాస్తు లేక జారిపోయెను. తన కంఠమును చేర్చి 1942లో మరల విడుదల చేసిన రూపము మాత్రమే యతని చేత నిలిచెను. కీటన్ చిత్రములో, కాపలా లేని తోటవలె నుండి, ఎవరు పడితే వారు చూచిరి, ఎవరు పడితే వారు కోసిరి.

అయినను చట్టమిచ్చిన స్వేచ్ఛ యొక్కటియే చిత్రమును బ్రతికింపజాలదు. నాటి ఫిల్ము నైట్రేటు అను పదార్థముతో చేయబడినది. తేలికగా మండును, మండకున్నను కాలక్రమమున జిగటయై పొడియగును. ఫిల్ము నశించిన పిమ్మట దానిపై హక్కెవరిదైన నేమి? 1950ల దశకమున నొక వింత జరిగెను. కీటన్ మంచిదినములలో కట్టించుకొన్న గొప్ప భవనము చేతులు మారి, జేమ్స్ మేసన్ అను ఆంగ్లనటుని పరమై యుండెను. అందు మూసియున్న యొక గదిలో కీటన్ చిత్రముల ప్రతులు దొరకెను; మేసన్ వానిని పారవేయక రక్షించెను. లాస్ ఏంజెలిస్ నగరమున చిన్న చిత్రశాల నడపుచుండిన రేమండ్ రోహవర్ 1954లో కీటనుతో స్నేహము కుదుర్చుకొని, ఇట్టి ప్రతులను సేకరించి, మండని ఫిల్ముపైకి మార్పించెను. ఆ కార్యమునకు లోకమతనికి ఋణపడియున్నది. కాని యతడు హక్కులను గూడ సేకరించెను. ప్రజల పాలబడిన చిత్రములపై సైతము తన హక్కు కలదని వాదించుచు, ప్రదర్శించువారితో వ్యాజ్యములాడెను. రక్షించినవాడే కావలికాడై ద్వారమున నిలిచెను. ఇందు న్యాయాన్యాయములను తూచుట కష్టము. అతడే లేకున్న కొన్ని చిత్రములు నేడు మనకుండెడివి కావు.

స్వేచ్ఛ యనగా నేమో యిచట కొంచెము వివరింపవలెను. తలిదండ్రులకును, సభలలో చిత్రములు చూపు ఉపాధ్యాయులకును పనికివచ్చును. స్వేచ్ఛ పొందినది 1926 నాటి మూగచిత్రము. దానికి నేటివారు కూర్చిన వాద్యసంగీతము స్వేచ్ఛ పొందలేదు. 1987లో కార్ల్ డేవిస్ ‘ది జనరల్’ చిత్రమునకు కూర్చిన సంగీతమట్టిది. మంచి ప్రతి గలవాడు దానిని పరులకీయవలెనని చట్టము చెప్పదు. అందుచే ప్రజల పాలబడిన చిత్రమునకు లోకమున వ్యాపించిన ప్రతులు తరచుగా మసకవి, దృశ్యములు తెగినవి, తప్పు వేగమున నడచునవి. మూగచిత్రములలో మనుష్యులు కీలుబొమ్మలవలె గంతులు వేయుదురని మనవారనుకొనుట యా తప్పు వేగమువలననే, తీసినవారట్లు తీయలేదు. మన దేశమున 1957 నాటి చట్టము చలనచిత్రమునకు తొలుత 50 ఏండ్లును, 1992 సవరణ పిమ్మట 60 ఏండ్లును స్వామ్యము నొసంగినది. దరఖాస్తు పెట్టవలసిన నిర్బంధము లేదు. ప్రకటించిన మరుసటి సంవత్సరారంభమునుండి లెక్క. ఈ లెక్కన 1957లో విడుదలయైన ‘మాయాబజార్’ చిత్రము 2018వ సంవత్సరారంభముతో నా గడువు దాటినది. అందలి పాటలు వ్రాసినవారి, స్వరపరచినవారి హక్కులు వేరు. అవి వారి మరణము పిమ్మట 60 ఏండ్లు నడచును.

కీటనునకు వార్ధక్యమున కొంత వెలుగు వచ్చెను. 1940లో ఎలినార్ నారిస్ అను నర్తకిని వివాహమాడెను. అతనిని నిలబెట్టినది ఆమెయే. 1949లో జేమ్స్ ఏజీ యను విమర్శకుడు ‘లైఫ్’ పత్రికయందు మూగచిత్రముల హాస్యమును కొనియాడుచు వ్రాసిన పెద్ద వ్యాసము, మరచిన పేరును మరల గుర్తుకు తెచ్చెను. 1952లో చాప్లిన్ తన ‘లైమ్‌లైట్’ చిత్రమున నతనిని తోడు నటునిగా తీసికొనెను. పారమౌంట్ సంస్థ యతని జీవితమును చిత్రముగా తీయుటకై 50,000 డాలర్లిచ్చెను; ఆ చిత్రము నిజమునకు చాల దూరము గాని, ఆ పైకముతో నతడొక చిన్న యిల్లు కొనుక్కొని కోళ్లను పెంచుకొనెను. తన గొప్ప చిత్రములపై రాని సొమ్ము, తన్ను గూర్చిన చెడుచిత్రముపై వచ్చినది. 1960లో అమెరికా చలనచిత్ర అకాడమీ గౌరవ బహుమానమొసంగెను. 1965లో విడుదలయైన ‘ది రెయిల్‌రాడర్’ అను చిన్న చిత్రమునకై కెనడా దేశమున, సముద్రమునుండి సముద్రమువరకు రైలు పట్టాలమీద నొక చిన్న బండినెక్కి, ఎప్పటివలె నవ్వక ప్రయాణించెను.

ఆ సంవత్సరము సెప్టెంబరులో ఇటలీలోని వెనిస్ చిత్రోత్సవమున సభవారెల్లరు లేచి నిలిచి చాలసేపు కరతాళములు కొట్టిరి. 1966వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన ఊపిరితిత్తుల వ్యాధిచే మరణించెను. వయస్సు 70. వ్యాధి యెట్టిదో యతనికి చెప్పలేదు. మరణమునకు ముందటి సాయంకాలము వరకు గదిలో నడయాడుచునే యుండెనందురు.

1989లో అమెరికా జాతీయ గ్రంథాలయము కాపాడదగిన చలనచిత్రముల మొదటి పట్టికను ప్రకటించినప్పుడు, ఆ యిరువదియైదింటిలో ‘ది జనరల్’ ఒకటి. మెట్రో సంస్థ మాత్రము తన దరఖాస్తులను మరువలేదు. కావున ‘ది కామెరామన్’ చిత్రముపై స్వామ్యము నిలిచియుండెను. 1976 చట్టము మొత్తము గడువును 75 ఏండ్లు చేసెను. 1998లో నది 95 అయ్యెను. మికీ మౌస్ అను చిట్టెలుక తొలుత ప్రసిద్ధికెక్కిన ‘స్టీమ్‌బోట్ విల్లీ’ బొమ్మలచిత్రమును ఆ 1928 నాటిదే. దాని పేరు కీటన్ ‘స్టీమ్‌బోట్ బిల్’ పేరునే తలపించును. 2024వ సంవత్సరము జనవరి 1వ తేదీన ఆ యెలుకతోపాటు ‘ది కామెరామన్’ కూడ యజమానిని విడిచి, ‘ది జనరల్’ డెబ్బదియేండ్ల క్రిందట చేరిన చోటికే వచ్చి చేరెను.